మత్తు వేరు, తిమ్మిరి వేరు: రెండు జ్ఞానదంతాలు తీయించుకున్న నా అనుభవం

మన వాడుకలో 'మత్తు' ఒక్కటే మాట. చిగుళ్లలో పొడిచి పెదవిని మొద్దుబార్చేదీ మత్తుసూదే, చేతి నరంలోకి, అంటే రక్తనాళంలోకి, ఎక్కించి కళ్లు మూతలుపడేలా చేసేదీ మత్తే, థియేటర్లో గొట్టం వేసి పూర్తిగా నిద్రపుచ్చేదీ మత్తే. క్లినిక్కు ఫోన్ చేసి "జ్ఞానదంతం తీసేటప్పుడు మత్తు ఇస్తారాండీ?" అని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి "ఇస్తామండీ" అంటుంది. ఆమె చెప్పింది మొదటి దాని గురించి, అడిగినవాళ్లు అనుకున్నది మూడోదాని గురించి. అలా పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చి, సూది చూడగానే కుర్చీలో కళ్లు తిరిగిపడిపోయేవాళ్లు కొందరు. నిజంగా నరంలోకి మత్తు ఇచ్చే రోజున నాలుగు ఇడ్లీలు తిని, కాఫీ తాగి వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు మరికొందరు.

నేను పళ్ల డాక్టర్ని, రోజూ ఆ సూది వేసే పక్కన నిలబడేవాణ్ణి. కింది దవడలో రెండు జ్ఞానదంతాలూ తీయించుకోవాల్సి వచ్చినప్పుడు కుడివైపుది తిమ్మిరి సూదితోనే, ఎడమవైపుది నరంలోకి మత్తుతో, రెండున్నర నెలల తేడాతో తీయించుకున్నాను. ఇందులో కోత సంగతి తక్కువ, మందు సంగతి ఎక్కువ.

ముందు ఎక్స్‌రే. రెండు దవడలూ ఒకే ఫిల్ములో వచ్చే ఓపీజీ తీశారు. కుడి కింది పన్ను, అంటే మా లెక్కలో 48, ముందుకు వాలి పక్క దవడపంటిని తలతో పొడుస్తోంది. ఎడమది, 38, ఎముకలో అడ్డంగా పడుకుని ఉంది. దాని వేరు కొసలు కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్లే కాలువ మీదికి వచ్చాయి. ఓపీజీలో ఆ కాలువ అంచు రెండు తెల్లటి గీతల్లా కనిపిస్తుంది. వేరు దాటే చోట పై గీత తెగిపోయి, వేరు నల్లబడి కనిపిస్తే నరం బాగా దగ్గరగా ఉందని అనుమానించాలి. అందుకే ఆ పక్కకి ఎముకని అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ కూడా తీశారు. ఇక్కడే సగం నిర్ణయం అయిపోయింది: అరగంటలో తేలేదానికి లోకల్, అంటే తిమ్మిరి సూది, చాలు, గంట పట్టేలా ఉండి నోరు బార్లా తెరిచి పెట్టాల్సినదానికి మత్తు కూడా.

మొదటిరోజు పొద్దున భోజనం చేసే వెళ్లాను. లోకల్‌కి కడుపు ఖాళీగా ఉండకూడదు. రెండు గంటల ముందు మామూలుగా తినాలి, బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి. గుండెకు ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఎవరో చెప్పారని సొంతంగా ఆపేయకూడదు. రాసిచ్చిన డాక్టరు, పన్ను తీసే డాక్టరు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది.

సూదికి ముందు చిగురు మీద జెల్. తడి మీద రాస్తే లాలాజలంలో కరిగి గొంతులోకి పోతుంది, గొంతు మొద్దుబారి మింగలేకపోతున్నామన్న కంగారు మొదలవుతుంది. గాజుగుడ్డతో తుడిచి, 20 శాతం బెంజోకెయిన్ జెల్ వేలెడంత చోట రాసి రెండు నిమిషాలు ఆగాలి. చాలాచోట్ల ఆ రెండు నిమిషాలే ఆగరు. జెల్ పనిచేసేది పై పొర వరకే, సూది లోపలికి దిగేటప్పటి నొప్పికి దానికీ సంబంధం లేదు.

అసలు మందు 2 శాతం లిగ్నోకెయిన్, అందులో 1:80,000 పాళ్లలో అడ్రినలిన్. మన క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది 30 మి.లీ. సీసా, డిస్పోజబుల్ సిరంజి, ఒకటిన్నర అంగుళం సూది. విడి కార్ట్‌రిడ్జి అయితే ఒక్కోదానిలో 1.8 మి.లీ., అంటే 36 మి.గ్రా. లిగ్నోకెయిన్. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేసి మందును అక్కడే నిలబెడుతుంది, రక్తస్రావమూ తగ్గిస్తుంది. దాంతో వచ్చే చిక్కు ఏమంటే మందు పాడవకుండా సల్ఫైట్ కలపాలి, ద్రావణాన్ని పుల్లగా ఉంచాలి. సూది వేయగానే లోపల మండేది ఆ పులుపు వల్లే. మెల్లగా వేస్తే మంట తగ్గుతుంది. 2 మి.లీ. వేయడానికి ఒక నిమిషం పైగా పట్టాలి. పది సెకన్లలో నొక్కేస్తే రోగి జన్మలో మళ్లీ రాడు.

కింది దవడకి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ పొడిస్తే లాభం లేదు, ఎముక గట్టిది, మందు ఇంకదు. నరం దవడ ఎముకలోకి దూరే చోటికే వెళ్లాలి. బొటనవేలితో దవడ వెనక నిలువు ఎముక ముందు అంచు తడిమి, అవతలివైపు చిన్న దవడపళ్ల మీదుగా సిరంజి పెట్టి, సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి వెళితే సూది మొన ఎముకకి తగులుతుంది. ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి, పిస్టన్ వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుని, ఒకటిన్నర మి.లీ. వదిలారు. బయటికి వచ్చే దారిలో సగంలో ఆగి మరో అర మి.లీ. నాలుక నరానికి. తర్వాత విడిగా పొడిచి మరో అర మి.లీ. బుగ్గవైపు చిగురుకి. ఈ మూడోది మర్చిపోతే పెదవి మొద్దుబారినా కోతకి చిగురు మండుతుంది.

రక్తం చూసుకోకుండా వేసి, సూది నాళంలో ఉంటే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. దాన్ని చాలామంది "నాకు మత్తుసూది పడదు, ఎలర్జీ" అని జీవితాంతం చెప్పుకుంటారు. నూటికి తొంభై మందిది అడ్రినలిన్ దడో, భయంతో కళ్లు తిరగడమో అని నా అంచనా. అసలు లిగ్నోకెయిన్ ఎలర్జీ బాగా అరుదు. ఆ మాట చెబితే కొట్టిపారేయకుండా ఆ రోజు సరిగ్గా ఏమైందో అడగాలి: దద్దుర్లు వచ్చాయా, ఊపిరాడలేదా, లేక గుండె కొట్టుకుందా?

సూది దిగుతున్నప్పుడు నాలుక కొసకి కరెంటు కొట్టినట్టు ఒక్కసారి జివ్వుమంటే మొన నాలుక నరాన్ని తాకిందని అర్థం. తల విదిలించకూడదు, ఎడమచెయ్యి పైకెత్తితే చాలు, వాళ్లే వెనక్కి లాగుతారు.

సూది తీశాక "ఐదు నిమిషాలు కూర్చోండి సార్" అని వదిలేశారు. మూడో నిమిషానికి కింది పెదవి కుడిసగం వెచ్చగా, ఐదో నిమిషానికి లావెక్కినట్టు. అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. పది నిమిషాలకి ప్రోబుతో చిగురు చుట్టూ గుచ్చి చూశారు, ఏమీ లేదు. కోత పెట్టారు, ఎముక కొద్దిగా చెక్కారు, అంతా బాగానే ఉంది. పన్నుని రెండు ముక్కలు చేయడానికి బర్, అంటే డ్రిల్లు మొన, మధ్యదాకా వెళ్లగానే ఒక్క పోటు. పెదవి చెక్కలా ఉంది, పన్ను మాత్రం బతికే ఉంది.

దీనికి కారణాలు రెండు మూడు. రెండు వారాల కింద ఆ పన్ను చుట్టూ చిగురు వాచి తగ్గింది. వాపున్న చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది. లిగ్నోకెయిన్ నరం పొరలోంచి లోపలికి దూరాలంటే ఛార్జి లేని రూపంలో ఉండాలి. మామూలు కణజాలంలో పావు వంతు మందు ఆ రూపంలో ఉంటుంది, ఆమ్లంలో ఇంకా తగ్గిపోతుంది. మందు ఉంది, పని చేసే మందు లేదు. రెండోది, నాలుకవైపు నుంచి మైలోహయాయిడ్ నరం కొమ్మ ఒకటి కొందరిలో పంటికి అదనంగా స్పర్శ తెస్తుంది, నరం మొదట్లోనే మందు వేసే మామూలు బ్లాకుకి అది అందదు. మూడోది, సూది మొన సరైన చోటుకంటే కిందుగా పడటం. మందు పైకి పాకదు.

అప్పుడు చేయాల్సింది ఆపడం. "కొంచెం ఓర్చుకోండి" అనడం కాదు. రెండోసారి బ్లాకు, ఈసారి 5 మిల్లీమీటర్లు పైగా, 2 మి.లీ. నాలుకవైపు కొద్దిగా. అప్పటికీ గుజ్జు దగ్గర మిగిలిందని, బర్ చేసిన కన్నంలోంచి నేరుగా పంటి గుజ్జులోకి 0.2 మి.లీ. ఆఖరిది ఒక్క సెకను ప్రాణం పోయినట్టుంటుంది, మరుసటి సెకనుకి పన్ను చచ్చిపోతుంది. ముందే "ఒక్కసారి గట్టిగా తెలుస్తుంది, తర్వాత ఇంకేమీ ఉండదు" అని చెప్పి వేస్తే భరించడం తేలిక.

మొత్తం లెక్క వేస్తే ఐదు మి.లీ. లోపు, అంటే 100 మి.గ్రా. లోపే. అడ్రినలిన్‌తో కలిపిన లిగ్నోకెయిన్ గరిష్ఠం కిలోకి 7 మి.గ్రా., మొత్తం 500 దాటకుండా. డెబ్బై కిలోల మనిషికి ఐదు మి.లీ. చాలా తక్కువ. "ఇంకో సూది వేయించుకుంటే ప్రమాదమేమో" అని నొప్పి దాచుకుని కూర్చోవడంలో అర్థం లేదు. గుండెజబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకి అడ్రినలిన్ 40 మైక్రోగ్రాములు దాటకుండా చూస్తాం, 1:80,000 ద్రావణంలో అది మూడు మి.లీ.కి కాస్త ఎక్కువ, అంతే.

నొప్పి పోయాక మిగిలేది ఒత్తిడి. ఇది ముందే తెలియకపోతే భయపడిపోతారు. నొప్పిని మోసే సన్నటి తంతువులు మందుకి ముందు లొంగుతాయి, ఒత్తిడిని, కదలికను మోసే లావాటివి అంత త్వరగా లొంగవు. పన్నుని ఎలివేటర్ అనే చిన్న మీటతో పెకలిస్తుంటే దవడ మొత్తం లాగుతున్నట్టు, చెవి దగ్గర కటకటమన్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఎముక గుండా వచ్చే ఆ చప్పుడు ఏ సూదికీ ఆగదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే సగం పని అయినట్టే. అవతలివైపు పళ్ల మధ్య రబ్బరు ప్రాప్ పెట్టమని అడగండి, నోరు తెరిచి ఉంచే శ్రమ తప్పుతుంది, మర్నాడు దవడ కీలు నొప్పీ తగ్గుతుంది.

నోరే తెరుచుకోని రోగుల సంగతి ఒక మాట. చీము పట్టి రెండు వేళ్లు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోతే మామూలు బ్లాకు కుదరదు. నోరు మూసి ఉండగానే బుగ్గ లోపలివైపు, పై చిగురు వరుసకి సమాంతరంగా సూది పంపే పద్ధతి ఉంది. 1960లో వజీరాని, తర్వాత 1977లో అకినోసి రాసిన పద్ధతి అది, ఇద్దరి పేర్లతోనే పిలుస్తాం. ఇందులో మొన తగలడానికి ఎముక ఉండదు, లోతు అంచనా మీదే వెళ్లాలి. సూది మరీ వెనక్కి పోయి లాలాజల గ్రంథిలో పడితే, ఏ పద్ధతిలోనైనా, ముఖం ఆ సగం వాలిపోయి కన్ను మూతపడదు. చూడటానికి పక్షవాతంలా ఉంటుంది, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మందు దిగిపోగానే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఆలోపు కంటిని మూసి మెత్తగా ప్యాడ్ కట్టి ఉంచాలి, లేకపోతే కనుగుడ్డు ఎండిపోతుంది.

రెండో పంటికి ఏం చేయాలన్న చర్చలో మధ్యరకాలు కూడా వచ్చాయి. మాత్ర ఒకటి: ముందురోజు రాత్రి, పని చేసే గంట ముందు డయాజెపామ్ 5 మి.గ్రా. లాంటిది. భయం కాస్త తగ్గుతుంది. చవక. కానీ మింగిన మాత్రని వెనక్కి తీసుకోలేం, చాలకపోతే అప్పటికప్పుడు పెంచలేం, ఒకరికి చాలినది ఇంకొకరికి ఏ మూలకీ చాలదు. పైగా డయాజెపామ్ ఒంట్లో రోజుల తరబడి మిగులుతుంది, మర్నాడు బండి నడపడం కూడా మంచిది కాదు.

గ్యాసు ఇంకొకటి, నైట్రస్ ఆక్సైడ్. పళ్లకి మత్తు అన్న కథ మొదలైందే దీంతో. 1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఈ గ్యాసు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఇప్పుడు ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి ముందు వట్టి ఆక్సిజన్, తర్వాత పది పది శాతం చొప్పున గ్యాసు పెంచుకుంటూ 30 నుంచి 50 శాతం మధ్య ఆపుతారు. వేళ్ల కొసల్లో చిమచిమ, ఒళ్లు తేలికైనట్టు, చప్పుళ్లు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అయిపోయాక ఐదు నిమిషాలు వట్టి ఆక్సిజన్ ఇస్తే తేరుకుంటారు. వాంతి భయం, సూది భయం ఉన్నవాళ్లకి మంచి దారి. ముక్కు మూసుకుపోయిన జలుబు, గర్భం మొదటి నెలలు, బీ12 బాగా తక్కువ ఉన్న శాకాహారులు, ఈమధ్యే కంట్లో గ్యాసు పెట్టి ఆపరేషన్ అయినవాళ్లు దీనికి పనికిరారు. కింది జ్ఞానదంతం విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది: నోరు తెరిచి మాట్లాడుతూ నోటితో ఊపిరి తీస్తే గ్యాసు పనిచేయదు. అందుకే వద్దనుకున్నాం.

మిగిలింది నరంలోకి మత్తు. ఇక్కడ భోజనం నియమం పూర్తిగా తిరగబడుతుంది. ఘనాహారం, పాలు, పాలు పోసిన టీ కాఫీలు, మజ్జిగ: ఆరు గంటల ముందు ఆపాలి. బిర్యానీ, వేపుళ్లు, పూరీలాంటి నూనె తిండి అయితే ఎనిమిది గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందువరకు తాగొచ్చు. "ఒక్క గుక్క కాఫీయే కదా" అంటారు, ఆ గుక్కలో పాలుంటాయి, పాలు కడుపులో ఘనాహారంతో సమానం. మత్తులో వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఈ నియమమంతా దాని కోసమే. షుగర్ మాత్రలు ఆ పూట వేసుకోవాలా వద్దా అన్నది ముందురోజే అడగాలి, తిండి లేకుండా కొన్ని మాత్రలు షుగర్ పడగొడతాయి. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పక చెప్పాలి, అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి.

ముందురోజు అనస్తీషియా మేడమ్ చూశారు. నోరు తెరిపించి నాలుక చాపించి గొంతు ఎంత కనిపిస్తోందో, మెడ ఎంత వెనక్కి వంగుతోందో చూశారు. "గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా?" అని అడిగారు. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. గట్టి గురక ఉన్నవాళ్లకి మత్తులో నాలుక వెనక్కి పడి గాలి దారి మూసుకుపోతుంది. రోజూ మద్యం తాగేవాళ్లు, నిద్రమాత్రలకి అలవాటు పడ్డవాళ్లు కూడా దాచకూడదు, వాళ్లకి మామూలు మోతాదు పనిచేయదు, సగం మత్తులో గిజగిజలాడతారు. గోళ్ల రంగు తుడుచుకుని రావాలి. గోరింటాకు చిక్కగా పండి ఉంటే చెప్పాలి, ఆక్సిజన్ చూసే క్లిప్పు చెవి తమ్మెకి పెడతారు.

ఆ రోజు ఎడమచేతి మీద నీలం రంగు కాన్యులా, ముక్కు దగ్గర సన్నటి గొట్టంతో నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్, వేలికి క్లిప్పు, కుడిచేతికి బీపీ పట్టీ. మత్తుమందు మిడజోలమ్, ఒక మి.లీ.కి ఒక మి.గ్రా. ముందు 2 మి.గ్రా. నిదానంగా. రెండు నిమిషాలు ఆగి, మాట్లాడిస్తూ, మరో మిల్లీగ్రాము. ఇలా ఆగి ఆగి ఇవ్వడంలోనే భద్రత ఉంది. మందు మెదడుకి చేరి పూర్తిగా తెలియడానికి టైము పడుతుంది, ఆలోపు "ఇంకా మెలకువగానే ఉన్నారు" అని మళ్లీ నొక్కితే రెండు మోతాదులూ కలిసి ఒకేసారి మీద పడతాయి. అరవై దాటినవాళ్లకి మొదటిది అర నుంచి ఒక మిల్లీగ్రామే. ఎక్కడ ఆపాలో రెప్పలు చెబుతాయి: సగానికి వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, కానీ పిలిస్తే పలుకుతారు. పిలిచినా పలకకపోతే మత్తు అనుకున్నదానికంటే లోతుకి వెళ్లినట్టే. ఆ లోతుకి వేరే ఏర్పాట్లు, ఊపిరి ఒక్కటే చూసే మనిషి ఉండాలి.

మూడో మిల్లీగ్రాము దగ్గర పైన లైటు చుట్టూ చిన్న వలయం కనిపించింది. ఆ తర్వాత నా దగ్గరున్నది రికార్డు షీటు మాత్రమే.

షీటు ప్రకారం మొత్తం 4 మి.గ్రా. ఇచ్చారు. 9.22కి తిమ్మిరి సూది. అప్పటిదాకా నాడి 76, బీపీ 124/80. సూది దిగిన నిమిషంలో నాడి 104, బీపీ 146/90. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ 80. పక్కన మేడమ్ చేతిరాతలో "ముఖం చిట్లించారు, చెయ్యి కదిపారు" అని ఉంది. అంటే ఆ సూది నాకు తెలిసింది. నొప్పి పుట్టింది, గుండె దానికి పరుగెత్తింది, చెయ్యి వదిలించుకోబోయింది. గుర్తు మాత్రం లేదు. మిడజోలమ్ నొప్పి తగ్గించదు, నొప్పి జ్ఞాపకాన్ని రాయనివ్వదు. "నరంలో మత్తు ఇచ్చాక మళ్లీ చిగుళ్లలో సూదెందుకు?" అన్నదానికి ఆ 104 అంకే జవాబు. లోకల్ సరిగ్గా పడకపోతే మత్తులో ఉన్న మనిషి మెలకువగా ఉన్నవాడికంటే ఎక్కువ గొడవ చేస్తాడు, ఎందుకు కదులుతున్నాడో చెప్పలేడు, సర్జనేమో మత్తు చాల్లేదనుకుంటాడు, ఇంకాస్త ఎక్కిస్తారు, ఊపిరి మందగిస్తుంది. గొడవలన్నీ అలా మొదలయ్యేవే.

9.41 దగ్గర ఇంకో గీత: ఆక్సిజన్ 98 నుంచి 91. ఎలివేటర్ పెట్టి దవడని కిందికి నొక్కినప్పుడు నాలుక వెనక్కి వాలింది. సర్జన్ చెయ్యి తీశాడు, మేడమ్ గడ్డం పైకెత్తి "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నారు, పీల్చానట. అర నిమిషంలో 97. ఇలాంటిది కింది జ్ఞానదంతాల్లో మామూలే. ఇందుకే మత్తు ఇచ్చేవాళ్లు, కోసేవాళ్లు వేరువేరుగా ఉండే చోటే నేను ఒప్పుకుంటాను. గొంతుకి అడ్డంగా గాజుగుడ్డ తెర, నీళ్లు నిలవనివ్వని సక్షన్ కూడా ఉండాలి, బర్‌తో పడే సెలైన్ చుక్కలు గొంతు వెనక్కి జారితే దగ్గు తెర తెరలుగా వస్తుంది.

విరుగుడు మందు ఫ్లుమజెనిల్ ట్రేలో ఉంది, వాడలేదు. అది ఉంటే చాలు, భయం లేదనుకోవద్దు. దాని పని మిడజోలమ్ కంటే ముందే అయిపోతుంది, లేచి కూర్చున్న మనిషి గంట తర్వాత మళ్లీ మత్తులోకి జారొచ్చు. అది వాడితే ఇంకో రెండు గంటలు అక్కడే ఉంచాలి.

తర్వాత గంటసేపు పడుకోబెట్టారు. సొంతంగా నిటారుగా నడవగలిగి, ఆక్సిజన్ లేకుండా క్లిప్పు 95 పైన చూపిస్తే పంపుతారు, తోడు మనిషి చేతికి. ఆ మనిషికే జాగ్రత్తలు చెప్పాలి, నాకు చెప్పి లాభం లేదు. కారులో మూడుసార్లు "పన్ను తీశారా?" అని అడిగానట. 24 గంటలు బండి నడపకూడదు, స్టవ్ దగ్గరికి వెళ్లకూడదు, కాయితాల మీద సంతకాలు, ఓటీపీలు చెప్పడాలు అసలే వద్దు. మాట స్పష్టంగానే వస్తుంది, ఏం చెప్పామో మాత్రం నిలవదు.

పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్తీషియా, నాలుగు పళ్లూ లోతుగా ఉండి ఒకేసారి తీయాల్సివచ్చినా, పంటి చుట్టూ నీటితిత్తి పెద్దదై ఉన్నా, సహకరించలేని రోగులైనా అవసరమే. ముక్కులోంచి గొట్టం వేస్తారు, నోరు సర్జన్‌కి ఖాళీగా ఉండాలి కదా. దాంతో ముక్కు నుంచి కాస్త రక్తం, రెండు రోజులు గొంతు గరగర. రక్తపరీక్షలు, ఈసీజీ, థియేటర్, ఒక పూట బెడ్డు. ఒక్క పంటికి అంత దూరం వెళ్లడం నాకు నచ్చదు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఫోన్ చేసి "ఇక్కడ నిద్రపుచ్చి నాలుగూ తీసేస్తారట, సేఫేనా?" అని అడుగుతుంటారు. అక్కడి ఓరల్ సర్జన్లు అనస్తీషియాలో కూడా శిక్షణ పొంది, సొంత క్లినిక్కులోనే లోతైన మత్తు ఇస్తారు. అడగాల్సింది ఊపిరిని చూసే మనిషి ఎవరు, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే మానిటర్ ఉందా అని. ఇంటికి తీసుకెళ్లే మనిషి లేకుండా మాత్రం అక్కడా ఒప్పుకోరు. రూమ్మేట్ క్లాసు ఎగ్గొట్టాల్సిందే.

తిమ్మిరి దిగడం దగ్గర ఒక తెలివైన పని ఉంది, అది చాలామంది చేయరు. లిగ్నోకెయిన్ పెదవి దగ్గర మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. మొదటి నొప్పిమాత్ర అది దిగకముందే, పన్ను తీసిన రెండు గంటల్లోపే వేసుకోవాలి. నొప్పి మొదలయ్యాక వేసుకుంటే మాత్ర పట్టేలోపు ముప్పావుగంట నరకం. ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 650 కలిపి బాగా పనిచేశాయి. కడుపులో పుండ్లు, ఆస్తమా, కిడ్నీ ఇబ్బంది ఉంటే ఐబుప్రొఫెన్ వద్దు. రెండోసారి కుట్లు వేశాక 0.5 శాతం బ్యూపివకెయిన్ 2 మి.లీ. కొసరుగా వేశారు. దాని తిమ్మిరి రాత్రిదాకా, దాదాపు తొమ్మిది గంటలు నిలిచింది. అసలు నొప్పి పూటంతా అలా దాటిపోతుంది. కాకపోతే అంతసేపూ పెదవి మనది కాదు: చల్లటి పెరుగన్నం అవతలివైపు పెట్టుకుని మెత్తగా తినాలి, వేడి కాఫీ కాలినా తెలియదు, పెదవి నమిలినా తెలియదు. పిల్లలకి, మరిచిపోయే పెద్దవాళ్లకి ఈ మందు నేను వేయను.

కుడివైపు మామూలుగా మానింది. ఎడమవైపు మర్నాటికి బ్యూపివకెయిన్ పూర్తిగా దిగాల్సిన వేళకి కూడా గడ్డం మీద, పెదవి కింద, రూపాయి బిళ్లంత చోట మొద్దుగానే ఉంది. ఇది మందు కాదు, వేరు కదిలినప్పుడు నరం మీద పడ్డ ఒత్తిడి. 24 గంటలు దాటినా తిమ్మిరి ఉంటే ఆగకుండా ఆ రోజే చెప్పాలి. కళ్లు మూయించి దూది కొసతో, పిన్నుతో తాకుతూ ఎక్కడ తెలియట్లేదో అక్కడ పెన్నుతో గీత గీసి ఫోటో తీశారు. వారం వారం అదే. మూడో వారం గీత లోపల చీమలు పాకినట్టు మొదలైంది. మొద్దు పోయి చీమలు వస్తే నరం లేస్తోందని లెక్క. ఆరో వారం ఫోటోలో గీత పావలా బిళ్ల కంటే చిన్నది. గడ్డం గీసుకుంటుంటే బ్లేడు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది, ఒక్క ఆవగింజంత చోట తప్ప.